పైజామా సెట్‌లో బయటికెళ్లినా ‘ఇప్పుడే లేచావా?’ అనిపించుకోకుండా ఉండాలంటే

మొదటిసారి పైజామా సెట్ వేసుకుని మా అమ్మ వాళ్లింటికి వెళ్లిన రోజు ఇంకా గుర్తుంది. తెల్లటి రేయాన్ మీద చిన్న చిన్న నీలం పూలు, కాలర్ చుట్టూ పైపింగ్, అదే గుడ్డతో బొందు ప్యాంటు. ఫోన్‌లో ఫొటో చూసి మోజుపడి తెప్పించుకున్నాను. తలంటుకుని, కాటుక పెట్టుకుని, ఎక్కడ కొన్నావని ఎవరో ఒకరు అడక్కపోరన్న ధీమాతో బయల్దేరాను. అమ్మ తలుపు తీసి, పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "ఏమే, స్నానం కూడా చెయ్యకుండా వచ్చావా?" అంది.

"ఇది నైట్ డ్రెస్ కాదమ్మా, ఫ్యాషన్."

"అట్లాగా. మరి పడుకునేటప్పుడు ఏం వేసుకుంటావు?"

కోపం వచ్చింది గానీ, లోపలికెళ్లి బీరువా అద్దంలో చూసుకుంటే అమ్మ మాటే నిజం. బస్సులో కూర్చుని వచ్చానేమో, ప్యాంటు మోకాళ్ల దగ్గర ఉబ్బిపోయి ఉంది. కాలర్ ఒకవైపు వాలిపోయింది. ప్యాంటు అంచు చెప్పుల మీద పడి నలుగుతోంది. ఎండ పడే చోట నిలబడితే లోపలి బట్టల గీత కనబడుతోంది. ఆ సెట్ ఆ రాత్రి నుంచి నిజంగానే నైట్ డ్రెస్ అయిపోయింది.

ఆ తర్వాత నాలుగైదు సెట్లు కుట్టించుకున్నాను. రెండు చెడగొట్టుకున్నాను కూడా. ఇప్పుడు బజారుకీ, పిల్లల స్కూలుకీ, రైలు ప్రయాణాలకీ, శనివారాలు ఆఫీసుకీ అవే. ఇన్నిటి తర్వాత నాకు అర్థమైందేమిటంటే, రాత్రి బట్టకీ బయటి బట్టకీ మోడల్లో పెద్ద తేడా లేదు. తేడా అంతా గుడ్డ బరువులో, అంచు మడతలో, ఇస్త్రీలో, కాలికి వేసుకున్న చెప్పుల్లో ఉంది. ఈ నాలుగూ సరిచేసుకుంటే మిగతాదంతా మీ ఇష్టం.

షాపుకెళ్లేవాళ్లకి ఒక మాట. ఆన్‌లైన్లో దీన్ని కో-ఆర్డ్ సెట్ అంటారు. బజార్లో మాత్రం బోర్డు మీద కూడా ‘కార్డ్ సెట్’ అనే రాసి ఉంటుంది. రెండూ ఒకటే. పైదీ కిందిదీ ఒకే గుడ్డతో, లేదా ఒకదానికొకటి జతయ్యే గుడ్డలతో కుట్టిన సెట్.

ఇంత తటపటాయింపు ఎందుకంటే

ఇంట్లో బట్టతో వీధిలోకి వెళ్లడం మీద మనవాళ్లకి ఎప్పుడూ ఏదో ఒక పేచీ ఉంటుంది. పాలవాడి కోసం గేటు దాకా వచ్చే నైటీ మీద చున్నీ వేయడం తెలుగు ఆడవాళ్లు కనిపెట్టిన రాజీ మార్గం. అదీ చాలదన్నట్టు 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో ఊరి పెద్దలు పగటిపూట నైటీ వేసుకుని బయటికొస్తే 2,000 రూపాయల జరిమానా అన్నారు. వేసుకున్నవాళ్లని పట్టిచ్చినవాళ్లకి 1,000 రూపాయల బహుమతి అట! అది మన ఒక్కరి జబ్బే కాదు లెండి. షాంఘై వీధుల్లో జనం హాయిగా పైజామాలతో తిరిగేవారు. 2010లో అక్కడ వరల్డ్ ఎక్స్‌పో జరిగినప్పుడు, విదేశీయుల ముందు బాగోదని వాటిని మానిపించడానికి నగర అధికారులు ప్రచారమే చేశారు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, పైజామా మనదగ్గర పగటి బట్టే. పారశీకంలో పాయ్ అంటే కాలు, జామా అంటే బట్ట. ఇక్కడ లాల్చీ కింద వేసుకుని దర్జాగా తిరిగే పైజామాని ఇంగ్లీషువాళ్లు తమ దేశం పట్టుకెళ్లి పడుకునే బట్ట చేశారు. మళ్లీ అది నైట్ సూట్ అన్న పేరుతో మనకే తిరిగొచ్చింది. యూరప్‌లో కూడా అది పడకగదిలో ఎక్కువకాలం ఉండలేదు. 1920, 30లలో ఫ్రాన్స్ సముద్రతీరంలో ఆడవాళ్లు బీచ్ పైజామాలతో తిరిగారు. 1960లో ఇరీన్ గలిట్సీన్ అనే డిజైనర్ ఇటలీలో పట్టు పైజామాలని విందులకి వేసుకునే బట్టలుగా తెచ్చింది. వాటికి పలాజో పైజామా అని పేరు పడింది. ఇటాలియన్‌లో పలాజో అంటే భవంతి. మనం షాపులో ‘ప్లాజో చూపించండి’ అనేది ఆ భవంతినే. కాబట్టి ఎవరైనా ‘ఇదేం వేషం’ అంటే మీరు మొహమాటపడనక్కర్లేదు.

మొదటి పని: గుడ్డ

ఎక్కువ టైము ఇక్కడే పెట్టండి. గుడ్డ తప్పితే ఎంత మంచి టైలరూ ఏమీ చేయలేడు.

తానులోంచి ఒక మీటరు వదులు చేయించి, ఒక చివర పట్టుకుని వేలాడదీయండి. నీళ్లలా జారిపోతే అది పడకకే. కర్రలా నిలబడితే అది ప్యాంటుకి బాగుంటుంది గానీ పైదానికి డబ్బాలా ఉంటుంది. రెండింటికీ మధ్యలో, కిందికి నిటారుగా పడుతూ, చేత్తో తట్టితే నెమ్మదిగా కదిలే గుడ్డ మనకి కావాలి. తర్వాత దాని వెనక మీ చెయ్యి పెట్టి షాపులో ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూడండి. వేళ్లు లెక్కపెట్టగలిగితే ప్యాంటుకి లైనింగ్ తప్పదు. లైనింగ్ వేస్తే మే నెలలో మీరు ఆ సెట్ ముట్టుకోరు. అందుకని వేరేది చూసుకోవడమే మంచిది. మూడో పరీక్ష: గుడ్డ మూలని గుప్పిట్లో గట్టిగా నలిపి పది అంకెలు లెక్కపెట్టి వదలండి. కాటన్ అన్నాక నలుగుతుంది, అది తప్పు కాదు. కానీ మడత గీసినట్టు పడిపోతే, ఆఫీసుకి చేరేలోగా మీ ఒళ్లంతా ఆ గీతలే ఉంటాయి.

సేల్స్‌మన్ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

మా విజయవాడవాళ్లకి వస్త్రలత బట్టల మార్కెట్ ఉంది, పక్కనే మంగళగిరి ఉంది. హైదరాబాద్ వాళ్లయితే కోఠీ, సికింద్రాబాద్ జనరల్ బజార్. నా ఓటు ఎప్పుడూ మంగళగిరి కాటన్‌కే. నేత గట్టిగా ఉంటుంది, ఒకే రంగు మీద సన్నగీతలో చిన్నగళ్లో ఉన్నవి దొరుకుతాయి, నాలుగు ఉతుకులయ్యాక మెత్తబడుతుంది గానీ వాలిపోదు. పూలప్రింటు లేకపోవడమే దాని గొప్ప. ఎందుకంటే, చిన్న పూలూ లేతరంగూ కలిశాయంటే నైటీ గుర్తుకు రాకుండా ఎవరూ ఆపలేరు. పోచంపల్లి ఇక్కత్ కూడా బాగుంటుంది. అందులో నేతకి ముందే దారానికి రంగులద్దుతారు కాబట్టి గుడ్డకి రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. చేతులు పైకి మడిచినా, ప్యాంటు అంచు మడిచినా లోపలి తెల్లదనం బయటపడదు. అయితే ఇక్కత్‌లో పెద్ద డిజైన్ పైనా కిందా వేసుకుంటే మనిషికంటే ముందు డిజైనే నడిచొస్తుంది. చిన్న డిజైన్ తీసుకోండి, లేదా పైది ఇక్కత్ వేసి కిందిది అదే రంగు సాదా గుడ్డ వేయండి.

పెడన కలంకారీ గురించి ఒక హెచ్చరిక. అచ్చులతో అద్దిన ఆ ఎరుపూ నలుపూ నాకు ప్రాణం. కానీ మనవాళ్ల దుప్పట్లూ దిండు గలీబులూ కూడా అవే డిజైన్లు. పెద్ద కొమ్మలూ నెమళ్లూ ఉన్న కలంకారీతో నిలువెల్లా సెట్ కుట్టించి, మా ఇంటి దీవాన్ మీద కూర్చుంటే నేనెక్కడున్నానో మా అబ్బాయికి కనబడలేదు. అందులో చిన్న బుటా, ముదురు రంగు తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

రేయాన్ మెత్తగా, చవగ్గా ఉంటుంది, రంగులు కూడా మెరుస్తాయి. కానీ తడిస్తే బలం తగ్గుతుంది, ఉతికితే కుంచించుకుపోతుంది, మోకాళ్ల దగ్గర సాగుతుంది. పైదానికి సరే, ప్యాంటుకి వద్దు. శాటిన్ పేరుతో అమ్మే పాలిస్టర్ ఏసీ గదిలో ఫొటోకి బాగుంటుంది. బెజవాడ ఎండలో అది ఒంటికి అంటుకున్నాక మీరే తిట్టుకుంటారు. లినెన్‌కి డబ్బు పెట్టగలిగితే పెట్టండి. నలుగుతుంది గానీ, లినెన్ నలగడంలో ఒక దర్జా ఉంది, జనం దాన్ని క్షమిస్తారు.

ఎంత కొనాలి? నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ముప్పావు చేతుల పైది, చీలమండ దాకా వదులు ప్యాంటు, రెండింటికీ కలిపి 44 అంగుళాల పన్నా అయితే నాలుగున్నర మీటర్లు, 58 అంగుళాల పన్నా అయితే మూడు మీటర్లు పడుతుంది. ప్రింటులో పువ్వులన్నీ ఒకేవైపు తలెత్తి ఉంటే ఇంకో అర మీటరు ఎక్కువ తీసుకోండి. లేదంటే టైలరు గుడ్డ కలిసిరావడానికి ఒక కాలు ముక్కని తలకిందులుగా కత్తిరిస్తాడు. నాకలాగే జరిగింది. ఒక కాలి మీద చిలకలు ఎగురుతున్నాయి, ఇంకో కాలి మీద తలకిందులుగా వేలాడుతున్నాయి.

రెండో పని: తడపడం

గుడ్డ కొన్న రోజే టైలర్ దగ్గరికి పరిగెత్తకండి. రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెట్టి, పొద్దున పిండకుండా దండెం మీద వేసి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడు ఇవ్వండి. కాటన్ నూటికి 5 పాళ్లు కుంచించుకుందంటే 40 అంగుళాల ప్యాంటు 2 అంగుళాలు పొట్టిదవుతుంది. మామూలు చుడీదార్‌లో అది తెలియదు. వదులు ప్యాంటులో మాత్రం తమ్ముడి ప్యాంటు వేసుకున్నట్టు ఉంటుంది.

నీళ్లలో కళ్లుప్పు వేయడం మా అమ్మ పద్ధతి. దాంతో రంగు గట్టిపడుతుందని నేను నమ్మను. కానీ నానబెట్టినప్పుడు ఎంత రంగు దిగుతుందో చూస్తే, ఆ బట్టని దేనితో కలపకూడదో ముందే తెలుస్తుంది. ముదురు నీలం, మెరూన్ అయితే నీళ్లు తేటపడే దాకా రెండు మూడు సార్లు జాడించండి.

మూడో పని: టైలర్‌తో మాట్లాడటం

చాలామంది సెట్లు పాడయ్యేది ఇక్కడే. ‘కొంచెం లూజుగా కుట్టండి’ అని చెప్పి వచ్చేస్తాం. లూజు అంటే ఆయన మనసులో ఉన్నది వేరు, మన మనసులో ఉన్నది వేరు. అంగుళాల్లో చెప్పాలి. మా మాస్టారు మొదటిసారి టేపు మెడలో వేసుకుని ఇలా అడిగారు:

"ఎంత లూజు పెట్టమంటారు మేడం?"

"హాయిగా ఉండాలి మాస్టారూ."

"హాయి అనేది టేపు మీద ఉండదమ్మా."

అప్పట్నుంచి లెక్క రాసుకుని వెళ్తున్నాను. మీరూ రాసుకోండి. ఛాతీ కొలతకి 5, 6 అంగుళాలు కలపాలి. 36 ఉంటే పైది 41, 42 రావాలి. భుజం మాత్రం అంగుళం కూడా ఎక్కువ ఉండకూడదు, భుజం ఎముక దగ్గరే కుట్టు పడాలి. ఇదే అసలు కిటుకు. భుజం సరిగ్గా కూర్చుని మిగతాదంతా వదులుగా ఉంటే కావాలని వదులుగా కుట్టించుకున్నట్టు ఉంటుంది. భుజం కూడా జారితే ఎవరిదో వేసుకున్నట్టు ఉంటుంది. బొద్దుగా ఉన్నవాళ్లు వదులు ఇంకా పెంచితే సన్నగా కనిపిస్తామనుకుంటారు. నా అనుభవంలో దానికి రివర్సు జరుగుతుంది. భుజం, మణికట్టు, చీలమండ, ఈ మూడు చోట్ల బట్ట ఒంటి దగ్గరగా ఆగితే చాలు, మధ్యలో ఎంత వదులున్నా తీరుగానే ఉంటుంది.

పైదాని పొడవు తుంటి కిందికి, తొడ మొదలు దాటేలా ఉంటే మన వీధుల్లో హాయి. బండెక్కినా, కూరగాయల బుట్ట ముందు వంగినా సర్దుకోనక్కర్లేదు. పొట్టిగా ఉన్నవాళ్లు కొంచెం తగ్గించుకోవచ్చు, లేకపోతే కాళ్లు కనబడవు. రెండు పక్కలా నాలుగు అంగుళాల కట్ పెట్టించండి, కూర్చున్నప్పుడు ముందు భాగం పైకి లేవదు.

ప్యాంటు చీలమండ ఎముక దగ్గర ఆగాలి. నేల తుడిచేది వద్దు, వానాకాలం వస్తే దాని గతి మీకు తెలుసు. బాటమ్ చుట్టుకొలత 16 నుంచి 18 అంగుళాలు. అంచు లోపలికి మడిచేది రెండు అంగుళాలు ఉండాలని గట్టిగా చెప్పండి. గుడ్డ మిగల్చడానికి మాస్టార్లు అరంగుళం మడిచి ఊరుకుంటారు. ఆ రెండంగుళాల మడత బరువుకే ప్యాంటు నిటారుగా కిందికి పడుతుంది. నైట్ ప్యాంటు అంచు ఎప్పుడైనా తిప్పి చూడండి, సన్నగా ఒక కుట్టు మాత్రమే ఉంటుంది. తేడా అక్కడే తెలిసిపోతుంది.

నడుము పట్టీ ముందువైపు చదునుగా, వెనకవైపు మాత్రమే ఎలాస్టిక్. ఎలాస్టిక్ ఒకటిన్నర అంగుళం వెడల్పుది వేయించండి. సన్నది వేస్తే నాలుగు నెలలకి తాడులా మెలి తిరిగి పొట్టలో గుచ్చుకుంటుంది. బొందు కావాలంటే లోపలికి ఉంచుకోండి. బయటికి వేలాడే బొందు చూడగానే పడక మంచమే గుర్తొస్తుంది. కాలర్ నిలబడటానికి లోపల పల్చటి బకరం గుడ్డ వేయించండి. పైపింగ్ మీద మోజుంటే ఒక్కచోటే, కాలర్‌కో జేబుకో. అన్ని అంచులకీ వేస్తే అది హోటల్ గదిలో ఇచ్చే నైట్ సూట్ అయిపోతుంది. గుండీలు గుడ్డ రంగువి కాకుండా చెక్కవో, కొబ్బరి చిప్పవో తీసుకెళ్లి ఇవ్వండి. చిన్న ఖర్చే. కానీ మాస్టారు డబ్బాలోంచి తీసి కుట్టే తెల్ల ప్లాస్టిక్ గుండీ మొత్తం సెట్‌ని కిందికి లాగేస్తుంది.

ఇక జేబులు. రెండు పక్కలా, పది అంగుళాల లోతు. ‘ఆడవాళ్ల ప్యాంటుకి జేబులెందుకు మేడం’ అంటారు. వినకండి. జేబు గుడ్డ మాత్రం పల్చటిది వేయించండి, మందంగా ఉంటే తుంటి దగ్గర ఉబ్బుతుంది. మా అమ్మ ఈ సెట్ల మొత్తంలో మెచ్చుకున్నది జేబుల్నే. తాళాలు నడుముకి దోపుకునే బాధ లేదని తనకీ ఒకటి కుట్టించమంది, "ప్యాంటు నాకొద్దు, జేబున్న పైది చాలు" అని.

రెడీమేడ్ కొనేవాళ్లు ఈ లెక్కలన్నీ అక్కడే చూసుకోండి. భుజం కుట్టు, అంచు మడత, ఎలాస్టిక్ వెడల్పు, లోపల పోగులు ఊడకుండా వేసే ఓవర్‌లాక్ కుట్టు. ప్యాంటు వేసుకుని ట్రయల్ రూమ్‌లో రెండు నిమిషాలు కూర్చుని లేవండి. మోకాళ్ల దగ్గర గుడ్డ మళ్లీ కిందికి జారిందా, అలాగే ఉబ్బి ఉందా? ఉబ్బి ఉంటే తీసి ఇచ్చేయండి. పైది ఒక సైజు, కిందిది ఒక సైజు విడిగా ఇచ్చే చోట కొంటే ఇంకా మంచిది. చాలామందికి రెండూ ఒకే సైజు సరిపోవు.

నాలుగో పని: వేసుకోవడం

ఇస్త్రీ చెయ్యకుండా వేసుకోవద్దు. ఇది బద్ధకపు బట్ట అని అందరికీ అభిప్రాయం, అదే మనల్ని ముంచుతుంది. చీర కాస్త నలిగినా చీరే. పైజామా సెట్ నలిగితే మాత్రం మంచం మీంచి లేచి వచ్చినట్టే. అన్నీ చేసే టైము లేకపోతే కాలర్, గుండీల పట్టీ, ప్యాంటు అంచు, ఈ మూడూ చేయండి. ప్యాంటుకి ముందు నిలువు మడత గీత రానివ్వకండి, వదులు ప్యాంటుకి అది నప్పదు.

లోపలివి ఒంటి రంగువి వేసుకోండి. తెల్ల బట్ట కింద తెల్లవే కనబడతాయి, ఒంటి రంగువి కనబడవు.

చెప్పులు. ఎన్ని చెప్పినా చివరికి చూసేవాళ్ల కన్ను అక్కడికే వెళ్తుంది. హవాయి చెప్పులు వేసుకున్నారా, మీరు చెత్తబుట్ట పారబోయడానికి వచ్చినట్టే లెక్క. కొల్హాపురీలు, జుత్తీలు, శుభ్రంగా ఉన్న తెల్ల స్నీకర్లు, ఏవైనా సరే. చీలమండ కనబడాలి, చెప్పుకి ఒక ఆకారం ఉండాలి. హీల్స్ నాకు నచ్చవు, ఈ బట్టకి ఉన్న హాయినంతా అవి తినేస్తాయి. పెళ్లి రిసెప్షన్‌కి పట్టు సెట్ వేసుకుంటే అది వేరే సంగతి.

తల దువ్వుకుని ముడో జడో గట్టిగా వేసుకోండి. క్లిప్పుతో పైకి చుట్టేసిన జుట్టూ పైజామా సెట్టూ ఒకచోట పడవు. చెవులకి ఏదో ఒకటి కనబడేది, ఒక వాచీ, బొట్టు పెట్టుకునే అలవాటుంటే బొట్టు. చేతిలో ప్లాస్టిక్ కవరు కాకుండా ఒక బ్యాగు. అంతే, ఇంతకు మించి పెట్టుకుంటే సెట్ మరుగున పడిపోతుంది. చున్నీ మాత్రం వద్దు. చున్నీ వేశారంటే నైటీ మీద చున్నీ దగ్గరికే మళ్లీ వచ్చేశాం.

ఆఫీసుకైతే ఒకే ముదురు రంగు సెట్, పైది పూర్తి గుండీలు పెట్టి, చేతులు మోచేతి దాకా చక్కగా మడిచి. మా ఆఫీసులో మొదటిసారి నేవీ బ్లూ మంగళగిరి సెట్ వేసుకెళ్తే ఒకావిడ "ఏం ప్యాంట్ సూటా?" అని అడిగింది. నేను కాదనలేదు.

గుడికి నేను వేసుకోను. తిరుమల సేవలకైతే ఆడవాళ్లకి చీర, లంగావోణీ, చున్నీతో చుడీదార్ అని నియమం. మగవాళ్లకి మాత్రం పంచెతో పాటు కుర్తా పైజామా కూడా ఆ లిస్టులో ఉంది! పైజామా అన్న మాట ఎటుపడితే అటు ఎలా మారుతుందో చూడండి.

ఈ బట్టకి అసలైన పరీక్ష రాత్రి రైలు. విశాఖ నుంచి హైదరాబాద్ గోదావరిలో స్లీపర్ బెర్త్ మీద పడుకుని పొద్దున్నే దిగి నేరుగా పనికి వెళ్లాల్సి వచ్చింది ఒకసారి. ఇక్కత్ సెట్ వేసుకున్నాను, ముదురాకుపచ్చ. దిగేముందు ముఖం కడుక్కుని, తడి చేత్తో పైదాని ముందు భాగం రెండుసార్లు కిందికి లాగి సవరించి, జడ వేసుకుని, స్నీకర్లు వేసుకున్నాను. బ్యాగులో చీర మోయలేదు, స్టేషన్ వెయిటింగ్ హాల్లో బట్టలు మార్చుకునే టెన్షన్ లేదు. ముదురు రంగు, చిన్న డిజైను మడతల్ని దాచేస్తాయి. ప్రయాణానికి సెట్ కుట్టించేవాళ్లు ఆ రెండే గుర్తుపెట్టుకోండి.

మగవాళ్లు అడుగుతున్నారు

మా ఆయన మొదట నవ్వాడు, ఇప్పుడు ఆయనకీ రెండున్నాయి. లెక్కలన్నీ ఇవే. కాలర్ లేని లాల్చీ కాకుండా పొట్టి చేతుల చొక్కా, అదే గుడ్డతో నడుము చదునుగా ఉన్న ప్యాంటు. చొక్కా లోపలికి దోపకూడదు. సన్నగీతలు వద్దు, సన్నగీతల సెట్ మగవాళ్ల మీద అచ్చం ఆస్పత్రి బట్టలా ఉంటుంది. సాదా రంగు చాలు.

ఐదో పని: ఉతకడం, ఆరేయడం

పైదీ కిందిదీ ఎప్పుడూ కలిపే ఉతకాలి. ఒకటి ఒక్కసారి వేసుకుని, ఇంకోటి వేసుకోకపోయినా సరే. నా ముదురు నీలం సెట్‌లో పైది జీన్స్ మీదికి బాగుందని దాన్ని విడిగా పదిసార్లు వాడి ఉతికాను. తర్వాత ప్యాంటుతో జత చేస్తే రెండూ రెండు ఊళ్ల నీలాలు. పైది వెలిసిన నీలం, కిందిది కొత్త నీలం. సెట్ అనడానికి వీల్లేకుండా పోయింది.

లోపలిది బయటికి తిప్పి, చల్లనీళ్లలో ఉతకండి. నీడలో ఆరేయండి. పైదాన్ని హ్యాంగర్‌కి తగిలించి ఆరేస్తే సగం ఇస్త్రీ తప్పుతుంది. ప్యాంటుని అంచుల దగ్గర క్లిప్పులు పెట్టి తలకిందులుగా వేలాడదీయండి, నడుము పట్టీ బరువుకి కాళ్లు నిటారుగా సాగి ఆరతాయి. దండెం మీద మధ్యకి మడిచి వేశారో, మోకాళ్ల దగ్గర అడ్డంగా ఒక గీత పడుతుంది, ఆ గీతని ఏ ఇస్త్రీపెట్టే లేపలేదు.

గంజి పెట్టాలా అని అడిగితే, మంగళగిరికి పల్చగా పెట్టొచ్చు, అన్నం వార్చిన గంజిలో రెండింతలు నీళ్లు కలిపి. పైదానికి మానేసి ప్యాంటుకి ఒక్కదానికే పెట్టి చూడండి, నడకలో తేడా తెలుస్తుంది. రేయాన్‌కి వద్దు.

ఇంకొక్కటి. ఏ సెట్‌లోనైనా ముందు పాడయ్యేది ప్యాంటే. తొడల మధ్య రాపిడికి పలచబడుతుంది, మోకాళ్ల దగ్గర రంగు పోతుంది, పైది మాత్రం కొత్తగానే ఉంటుంది. అప్పుడు అదే గుడ్డ కోసం షాపుకెళితే ఆ తాను ఎప్పుడో అయిపోయి ఉంటుంది. రంగు ఒకటేనని ఇంకోటి చూపిస్తారు గానీ పక్కన పెడితే కలవదు. అందుకని గుడ్డ బాగా నచ్చితే మొదటే రెండు మీటర్లు ఎక్కువ కొని, రెండో ప్యాంటు కూడా అప్పుడే కుట్టించేసి, రెండింటినీ మార్చి మార్చి వేసుకోండి.